నీటికాసులకు లేజరా, ఆపరేషనా? ఏ కంటికి ఏది సరిపోతుంది

చుక్కల మందు వేస్తున్నా కంటి ప్రెషర్ దిగడం లేదని ఒక డాక్టరు లేజర్ మాట ఎత్తుతారు. ఇంకొకరి దగ్గరికి వెళ్తే ఆపరేషనే మేలంటారు. ఇంటికొచ్చి వెతికితే స్టెంట్లు, ట్యూబులు, పొడి అక్షరాల పేర్లు అరడజను కనిపిస్తాయి. టెన్షన్ పెరగడమే తప్ప తేలేదేమీ ఉండదు.

ఒక సంగతి ముందే చెప్పుకోవాలి. నీటికాసుల్లో, అంటే గ్లకోమాలో, పోయిన చూపును ఏ లేజరూ ఏ ఆపరేషనూ వెనక్కి తేలేదు. ఇవన్నీ చేసే పని ఒక్కటే: కంటి ప్రెషర్ దించి, మిగిలిన కంటి నరాన్ని కాపాడటం. అందుకే "చేయించుకున్నా చూపు మెరుగుపడలేదు" అని నిరాశపడటంలో అర్థం లేదు. "ఏది గొప్పది?" అన్న ప్రశ్నకు కూడా జవాబు లేదు. ప్రెషర్‌ను బాగా దించే పద్ధతికి రిస్కు ఎక్కువ, కంటికి తేలికగా ఉండే పద్ధతి దించేది కాస్తే. మీ నరానికి ఎంత దింపు కావాలో తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే.

## ముందు తేల్చుకోవలసినవి

యాంగిల్ తెరిచి ఉందా, మూసుకుందా? కంటి లోపల ఊరే నీరు బయటికి పోయే జల్లెడ కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర), ఐరిస్ (దాని వెనకుండే రంగు పొర) కలిసే మూలలో ఉంటుంది. ఆ మూలే యాంగిల్. జల్లెడ కనిపిస్తూనే సరిగా పనిచేయకపోతే ఓపెన్ యాంగిల్ గ్లకోమా. ఐరిస్ ముందుకు వచ్చి దాన్ని కప్పేస్తే యాంగిల్ క్లోజర్. ఈ రెంటికీ వైద్యం వేరు, లేజర్ కూడా వేరు. తేడా తేలేది కంటి మీద చిన్న అద్దాల లెన్సు ఆనించి చూసే గోనియోస్కోపీతోనే. ఆ పరీక్ష చేయకుండానే లేజర్ చెప్పారంటే, ఒప్పుకునే ముందు అది చేయమని అడగండి.

ఎంతకు దించాలి? ప్రెషర్ మామూలుగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. అయితే 20 అందరికీ క్షేమమైన అంకె కాదు. నరం కొద్దిగానే దెబ్బతిన్నవారికి 17, 18 చాలవచ్చు. బాగా ముదిరినవారికి 12 దగ్గరికి దించాల్సి రావచ్చు. ముదిరిన గ్లకోమా మీద అమెరికాలో జరిగిన ఏజిస్ అధ్యయనంలో, ఆరేళ్లపాటు వచ్చిన ప్రతిసారీ ప్రెషర్ 18 లోపే ఉన్నవారికి సగటు 12.3 ఉంది. వాళ్ల విజువల్ ఫీల్డ్, అంటే చుట్టూ కనిపించే మేర, సగటున నిలకడగా ఉంది. మీ డాక్టరు మనసులో మీ కంటికి ఒక టార్గెట్ ప్రెషర్ ఉంటుంది. ఆ అంకె ఎంతో అడిగి రాసుకోండి. కింద చెప్పేదంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

శుక్లం ఉందా? ఉంటే లెక్క మారిపోతుంది, ఎందుకో కింద చూద్దాం.

ఎన్నిసార్లు ఆసుపత్రికి రాగలరు? దీన్ని చాలామంది పట్టించుకోరు. కొన్ని ఆపరేషన్లలో ఫలితం థియేటర్‌లో సగమే తేలుతుంది, మిగతా సగం ఆ తర్వాతి ఆరు వారాల చెకప్‌లలో తేలుతుంది.

## ఎస్‌ఎల్‌టీ లేజర్: ఓపెన్ యాంగిల్‌లో తొలి మెట్టు

సెలెక్టివ్ లేజర్ ట్రబెక్యులోప్లాస్టీ అనేది పూర్తి పేరు. 1995లో లాటినా, పార్క్ దీని మూల ప్రయోగాలను ప్రచురించారు, 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. అంతకుముందు 1979 నుంచి ఆర్గాన్ లేజర్ ఉండేది. దాని వేడికి జల్లెడ మీద మచ్చలు పడేవి, మళ్లీ మళ్లీ చేయడానికి వీలుండేది కాదు. ఎస్‌ఎల్‌టీ పల్సు 3 నానోసెకన్లే. వేడి పక్కలకు పాకేలోపే పని అయిపోతుంది.

చేయించుకోవడం ఎలా ఉంటుందంటే, మామూలు చెకప్‌లాగే మెషీన్ ముందు గడ్డం ఆనించి కూర్చుంటారు. తిమ్మిరి చుక్క వేసి, జెల్ రాసిన లెన్సు కంటికి ఆనిస్తారు. టిక్కు టిక్కుమంటూ చుట్టూరా దాదాపు వంద దెబ్బలు పడతాయి. మీకు పచ్చటి మెరుపులు కనిపిస్తాయి, అప్పుడప్పుడు చురుక్కుమంటుంది. అటువైపు డాక్టరుకు జల్లెడ దగ్గర సన్నటి బుడగలు లేవడం కనిపిస్తుంది. లేజర్ శక్తిని ఎంత పెంచాలో, ఎంత తగ్గించాలో ఆ బుడగల్ని చూసే సర్దుకుంటారు. పది నిమిషాల్లో లేచి వచ్చేస్తారు. గంట తర్వాత ఒకసారి ప్రెషర్ చూస్తారు, ఎందుకంటే కొందరిలో అది తాత్కాలికంగా పెరుగుతుంది.

దించేది సుమారు 20 నుంచి 30 శాతం. 26 ఉన్న ప్రెషర్ 19, 20కి రావచ్చు. 16 ఉన్నవారికి పెద్దగా దిగకపోవచ్చు, ప్రెషర్ ఎంత ఎక్కువగా ఉంటే ఫలితం అంత బాగా కనిపిస్తుంది. మరుసటి రోజే చూసి "పనిచేయలేదు" అనుకోకండి. ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఈలోగా పాత చుక్కలు ఆపవద్దు.

చుక్కల మందుకూ దీనికీ మధ్య తేల్చుకోలేనివారికి బ్రిటన్‌లో 718 మందితో జరిగిన లైట్ ట్రయల్ పనికొస్తుంది. కొత్తగా జబ్బు బయటపడినవారిలో కొందరికి ముందుగా ఎస్‌ఎల్‌టీ చేశారు, మిగతావారికి చుక్కలు ఇచ్చారు. లేజర్ గుంపులో మూడేళ్ల తర్వాత 74 శాతం మంది చుక్కల అవసరమే లేకుండా ఉన్నారు. ఆరేళ్లకు కూడా దాదాపు 70 శాతం కళ్లు మందూ ఆపరేషనూ లేకుండా టార్గెట్‌లో నిలిచాయి. ట్రబెక్యులెక్టమీ (నీటికి కొత్త దారి చేసే ఆపరేషన్, కింద చూద్దాం) దాకా వెళ్లిన కళ్లు లేజర్ వైపు 13, చుక్కల వైపు 32. 2022లో బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు తొలి వైద్యంగా ఎస్‌ఎల్‌టీనే సూచించాయి.

నా ఉద్దేశంలో దీన్ని "చివరికి చూద్దాం" అని వాయిదా వేయడం దండగ. చుక్కలు నాలుగు రకాలకు చేరాక చేసే లేజర్ కంటే మొదట్లో చేసేదే ఎక్కువ అక్కరకొస్తుంది. దాని హద్దులూ తెలుసుకోవాలి. ప్రభావం చాలామందిలో కొన్నేళ్లకు సన్నగిల్లుతుంది. మళ్లీ చేయించుకోవచ్చు. యాంగిల్ మూసుకున్నవారికి, కంటి లోపల వాపుతో వచ్చిన గ్లకోమాకు, కొత్త రక్తనాళాలు పుట్టి వచ్చిన గ్లకోమాకు ఇది పనికిరాదు. 12కి దించాల్సిన ముదిరిన కంటికి ఇదొక్కటే చాలదు.

## యాంగిల్ మూసుకున్నవారికి: ఇరిడాటమీ, లేదా శుక్లం ఆపరేషన్

ఇక్కడ వాడేది యాగ్ లేజర్. ఐరిస్ అంచున సూదిమొనంత రంధ్రం చేస్తారు, దీన్నే ఇరిడాటమీ అంటారు. వెనక పేరుకున్న నీరు ఆ దారిన ముందుకు వచ్చేస్తే ఐరిస్ వెనక్కి తగ్గి యాంగిల్ తెరుచుకుంటుంది. కొద్ది నిమిషాల పని. కొందరికి ఆ తర్వాత వెలుతురులో సన్నని గీత కనిపిస్తూ చిరాకు పెడుతుంది. చుక్క రక్తం కారడం, ప్రెషర్ కాసేపు పెరగడం మామూలే.

"యాంగిల్ కొంచెం ఇరుకుగా ఉంది, ముందు జాగ్రత్తగా చేసేద్దాం" అంటే వెంటనే తలూపనక్కర్లేదు. చైనాలోని గ్వాంగ్‌జౌలో 889 మందికి ఒక కంటికి ఇరిడాటమీ చేసి, రెండో కంటిని అలాగే వదిలి ఆరేళ్లు చూశారు. సమస్య ముదిరినవి లేజర్ చేసిన కళ్లలో 19, చేయనివాటిలో 36. మేలు ఉన్న మాట నిజమే కానీ, చేయని కళ్లలో కూడా ముదిరినవి తక్కువే. ఇరుకు తప్ప ఇంకే లోపం లేనివారు గమనిస్తూ ఉండవచ్చు. దగ్గరి బంధువుల్లో ఎవరికైనా గ్లకోమా అటాక్ (ఉన్నట్టుండి యాంగిల్ మూసుకుపోయి ప్రెషర్ పెరగడం) వచ్చినా, అత్యవసరంగా డాక్టరు దగ్గరికి చేరలేని చోట ఉంటున్నా చేయించుకోవడమే నయం.

ప్రెషర్ బాగా పెరిగిపోయి, లేదా నరం దెబ్బతిని, వయసు యాభై దాటి ఉంటే మూడో దారి ఉంది: కంటిలోని సహజ లెన్సును తీసేయడం. వయసుతో లెన్సు లావెక్కి ఐరిస్‌ను ముందుకు తోస్తుంది. దాన్ని తీసి సన్నటి కృత్రిమ లెన్సు పెడితే యాంగిల్‌కు చోటు దొరుకుతుంది. 2016లో వెలువడిన ఈగల్ ట్రయల్‌లో 419 మందిని చూశారు. లెన్సు తీసినవారిలో చుక్కలు అవసరమైనవారు సుమారు 21 శాతం, ఇరిడాటమీ చేసినవారిలో 61 శాతం. శుక్లం ముదరకుండానే లెన్సు తీయడమేమిటని చాలామంది బెదురుతారు. యాంగిల్ క్లోజర్‌లో ఆ బెదురు పక్కన పెట్టి వినవలసిన సలహా ఇది. అయితే యాభై లోపువారు దగ్గరి చూపు సర్దుకునే శక్తిని పోగొట్టుకుంటారు, వాళ్లకు ఇది అంత తేలిక నిర్ణయం కాదు.

ఉన్నట్టుండి కన్ను ఎర్రబడి, విపరీతమైన నొప్పి, దీపాల చుట్టూ రంగుల వలయాలు, వాంతులు ఉంటే అది అటాక్. అప్పుడు పోలికలు చూసుకునే సమయం ఉండదు, ఆ గంటలోనే ఆసుపత్రికి బయలుదేరాలి.

## స్టెంట్లు, చిన్న కోతల ఆపరేషన్లు

వీటన్నిటినీ కలిపి మిగ్స్ అంటారు. ఐస్టెంట్ మిల్లీమీటరు పొడవైనా ఉండీ ఉండని టైటానియం గొట్టం. 2012లో అమెరికాలో అనుమతి పొందింది. హైడ్రస్ అంతకంటే చాలా పొడవైనది, 2018లో వచ్చింది. ఏమీ అమర్చకుండా జల్లెడనే చీల్చే గ్యాట్, కహూక్ బ్లేడ్ లాంటివీ ఉన్నాయి.

శుక్లం ఆపరేషన్ ఎలాగూ చేయించుకోబోతూ, రెండు మూడు చుక్కలతో ఓపెన్ యాంగిల్ గ్లకోమా అదుపులో ఉన్నవారికి ఇవి చక్కగా సరిపోతాయి. అదే కోతలో పని అయిపోతుంది, ఒకటో రెండో చుక్కలు తగ్గవచ్చు. జల్లెడ గుండా పనిచేసే స్టెంట్లు ప్రెషర్‌ను సాధారణంగా 15, 16కు దించుతాయి, అంతకంటే కిందికి దించడం అరుదు. టార్గెట్ 12 అయితే వీటి మీద ఆశ పెట్టుకోవద్దు. "కొత్త టెక్నాలజీ" అన్న మాట విని కూడా తొందరపడవద్దు. సైపాస్ అనే స్టెంట్ మంచి పేరుతోనే వచ్చింది. ఐదేళ్ల ఫలితాల్లో కార్నియా లోపలి కణాలు ఎక్కువగా తగ్గిపోతున్నాయని తేలడంతో 2018లో మార్కెట్ నుంచి తీసేశారు.

## ట్రబెక్యులెక్టమీ: ఎక్కువ దించేది, ఎక్కువ కనిపెట్టుకోవలసింది

1968లో కెయిర్న్స్ రాసినప్పటి నుంచి ఇదే ప్రధాన ఆపరేషన్. పై రెప్ప కింద, కంటి తెల్లగుడ్డులో సగం మందం మేర ఒక చిన్న తలుపు కోస్తారు. దాని కింద లోపలికి రంధ్రం చేసి, తలుపును వెంట్రుక కంటే సన్నటి దారంతో వదులుగా కుడతారు. నీరు ఆ సందుల్లోంచి ఊరి పైపొర కింద బుడిపెలా నిలుస్తుంది. దాన్నే బ్లెబ్ అంటారు. రెప్ప కప్పేస్తుంది కనుక బయటికి కనిపించదు.

అసలు చిక్కు గాయం మానడంతోనే. శరీరం ఆ దారిని పూడ్చాలని చూస్తుంది. పూడకుండా మైటోమైసిన్ అనే మందు పెడతారు. ఎక్కువ మానితే ప్రెషర్ మళ్లీ పెరుగుతుంది, తక్కువ మానితే కన్ను మెత్తబడి చూపు మసకబారుతుంది. అందుకే మొదటి నెలలో వారం వారం, ఒక్కోసారి వారానికి రెండుసార్లు రావాలి. ప్రెషర్ ఎక్కువుంటే డాక్టరు లేజర్‌తో ఒక్క కుట్టు తెంపుతారు. కూర్చున్న కుర్చీలోనే బ్లెబ్ ఉబ్బి, ప్రెషర్ దిగిపోతుంది. ఏ కుట్టు, ఏ రోజు తెంపాలన్నదే నేర్పు. అందువల్ల తరచూ రాలేనివారికి ఈ ఆపరేషన్ చేస్తే, సగంలో వదిలేసినట్టే.

పనిచేస్తే ప్రెషర్ 10 నుంచి 13 దాకా, తరచు ఏ చుక్కా లేకుండానే దిగుతుంది. 2021లో వచ్చిన ట్యాగ్స్ ట్రయల్‌లో ముదిరిన దశలో బయటపడ్డ 453 మందిని పోల్చారు. రెండేళ్లకు ఆపరేషన్ గుంపు సగటు 12.4, చుక్కల గుంపు సగటు 15.1. రోజువారీ జీవితంలో ఇబ్బందులు రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకేలా ఉన్నాయి. అంటే ఆపరేషన్ చేయించుకుంటే బతుకు భారమైపోతుందన్న భయానికి ఆధారం కనిపించలేదు.

రిస్కులు చిన్నవేం కావు. శుక్లం త్వరగా వస్తుంది. బ్లెబ్ కారవచ్చు. ఇన్‌ఫెక్షన్ ఏళ్ల తర్వాత కూడా రావచ్చు. ట్రబెక్యులెక్టమీ చేయించుకున్న కన్ను ఎర్రబడి, పుసి పట్టి, చూపు తగ్గితే అది మామూలు కండ్లకలక అనుకోవద్దు. అదే రోజు చూపించుకోవాలి. ఆ కంటికి కాంటాక్ట్ లెన్సులు కూడా డాక్టరు ఒప్పుకుంటేనే పెట్టుకోవాలి.

## ట్యూబ్ ఎవరికి

కంటి లోపలికి సన్నటి సిలికాన్ గొట్టం, దాని చివర తెల్లగుడ్డు మీద కుట్టే ప్లేటు. అహ్మద్ ట్యూబులో వాల్వు ఉంటుంది, ప్రెషర్ వెంటనే దిగుతుంది. అయితే కొన్ని వారాలకు మళ్లీ కొంత పెరిగే దశ వస్తుంది. బేర్‌వెల్ట్‌లో వాల్వు లేదు. గొట్టాన్ని దారంతో కట్టి ఉంచుతారు. ఆ దారం కరిగే నాలుగు నుంచి ఆరు వారాల దాకా పాత చుక్కలతోనే నెట్టుకురావాలి. చివరికి దించడంలో బేర్‌వెల్ట్‌దే కాస్త పైచేయి.

అంతకుముందు కంటికి ఆపరేషన్ అయి ఉంటే ట్యూబ్ వైపు మొగ్గు చూపవచ్చు. టీవీటీ అధ్యయనంలో అలాంటి కళ్లలో ఐదేళ్లకు విఫలమైనవి ట్యూబ్‌తో 29.8 శాతం, ట్రబెక్యులెక్టమీతో 46.9 శాతం. ఇంతకుముందు ఆపరేషనే కాని కళ్ల మీద జరిగిన మరో అధ్యయనంలో కథ తిరగబడింది: మొదటి ఏడాదిలో ట్యూబ్ 17.3 శాతం, ట్రబెక్యులెక్టమీ 7.9 శాతం విఫలమయ్యాయి. గొట్టం పైపొరను కోసుకుని బయటపడటం, కార్నియా మసకబారడం, ఒక్కోసారి రెండుగా కనిపించడం దీనికే ప్రత్యేకమైన బాధలు. షుగర్ వల్ల కొత్త రక్తనాళాలు పుట్టి వచ్చే గ్లకోమాలో ముందు రెటీనాకు వైద్యం చేసి, ఆ తర్వాతే ట్యూబ్ పెట్టడం మామూలు.

## డయోడ్ లేజర్

నీరు ఊరే గ్రంథినే లేజర్‌తో కాల్చి ఊటను తగ్గించడం. 810 నానోమీటర్ల కిరణాన్ని బయటినుంచే పంపుతారు. చూపు పెద్దగా మిగలని, నొప్పి పెడుతున్న కంటికి, పెద్ద ఆపరేషన్ తట్టుకోలేనివారికి ఇది ఉపకారం. అతిగా జరిగితే కన్ను కుంచించుకుపోతుంది, ఆ నష్టం సరిచేయలేనిది. మైక్రోపల్స్ అనే మృదువైన రూపం వచ్చాక మంచి చూపున్న కళ్లకు కూడా వాడుతున్నారు. అయినా మంచి చూపున్న కంటికి మొదటి ఎంపికగా దీన్ని చెబితే, ఎందుకని అడిగి తెలుసుకోవాలి.

## ఒక్క చూపులో

| పద్ధతి | ఎలాంటి కంటికి | సుమారు ఎక్కడిదాకా దించుతుంది | తర్వాతి రాకపోకలు |
|---|---|---|---|
| ఎస్‌ఎల్‌టీ | ఓపెన్ యాంగిల్, మొదటి, మధ్య దశలు | 20–30 శాతం | తక్కువ |
| ఇరిడాటమీ | యాంగిల్ క్లోజర్ | అటాక్ ఆపడానికి, దింపు కంటిని బట్టి | తక్కువ |
| లెన్సు తీయడం | యాంగిల్ క్లోజర్, యాభై దాటినవారు | బాగానే | మధ్యస్థం |
| మిగ్స్ | శుక్లంతో పాటు, తేలికపాటి గ్లకోమా | 15–16 | మధ్యస్థం |
| ట్రబెక్యులెక్టమీ | ముదిరిన గ్లకోమా | 10–13 | చాలా ఎక్కువ |
| ట్యూబ్ | ముందు ఆపరేషన్ అయిన కన్ను | 13–15, తరచు చుక్కలతో | ఎక్కువ |
| డయోడ్ | చూపు తక్కువ ఉన్న కన్ను | మారుతూ ఉంటుంది | మధ్యస్థం |

ఈ అంకెలు ఇంచుమించుగా వేసినవి, మీ కంటికి కచ్చితంగా ఇంతే అని కాదు.

## మీరెవరైతే ఏ వైపు

కొత్తగా బయటపడి, ఓపెన్ యాంగిల్ ఉండి, రోజూ చుక్కలు వేసుకోవడం మర్చిపోయేవారు ముందు ఎస్‌ఎల్‌టీ గురించి అడగండి. చుక్కలకు కన్ను ఎర్రబడి మండేవారికి కూడా ఇదే మాట.

యాభై ఏళ్లలోపే ఒక కంటి ఫీల్డ్ బాగా తగ్గిపోయినవారి సంగతి వేరు. ఇంకో ముప్ఫై నలభై ఏళ్లు ఆ నరం నిలవాలి. చుక్క మీద చుక్క పెంచుకుంటూ రెండేళ్లు గడపడం కంటే ట్రబెక్యులెక్టమీని త్వరగా ఎంచుకోవడమే నాకు సబబుగా కనిపిస్తుంది. వయసులో ఉన్నవారికి గాయం త్వరగా మానిపోతుంది కనుక, మందు మోతాదూ చెకప్‌లూ జాగ్రత్తగా చూసుకోవాలి.

ఎనభై ఐదు దాటి, నష్టం నెమ్మదిగా పెరుగుతున్నవారికి పెద్ద ఆపరేషన్ తలనొప్పి అక్కర్లేదనే అంటాను. లేజర్, రెండు చుక్కలు సరిపోతే అంతే చాలు. ఫీల్డ్ పరీక్షలో ఏటా ఎంత తగ్గుతోందో చూసుకుంటే ఈ నిర్ణయం తేలికవుతుంది.

ఒక కన్ను ముందే పోయి, రెండో కంటితోనే నెట్టుకొస్తున్నవారి భయం న్యాయమైనదే. అయితే భయంతో ఆలస్యం చేస్తే, ఆపరేషన్ రిస్కు కంటే జబ్బు రిస్కే పెద్దదవుతుంది. ఇలాంటి ఆపరేషన్లు తరచు చేసే గ్లకోమా నిపుణుడి దగ్గరికే వెళ్లండి.

పుట్టుకతో వచ్చే గ్లకోమాలో ఈ లెక్కలేవీ వర్తించవు. పసిపిల్లలకు గోనియాటమీ లేదా ట్రబెక్యులాటమీ ఆపరేషనే మొదటి వైద్యం, చుక్కలు ఆ రోజు దాకా నెట్టుకురావడానికే.

రెండో అభిప్రాయానికి వెళ్లేటప్పుడు తాజా రిపోర్టుతో పాటు మొదటి విజువల్ ఫీల్డ్ నుంచి అన్ని ప్రింట్లూ, నరం పొర మందం చూపే ఓసీటీ స్కాన్‌లూ, వాడి ఆపేసిన చుక్కల పేర్లూ, వైద్యం మొదలుకాకముందు ప్రెషర్ ఎంతుండేదో ఆ అంకె కూడా పట్టుకెళ్లండి. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే ఆ సంగతి మీరే ముందుగా చెప్పండి. మీకు మీరుగా మాత్రం వాటిని ఆపవద్దు.